ఎనిమిదో అంకె

నాలుగింటికి వస్తానని చెప్పి వెళ్లాడు డాక్టరు. గోడ గడియారంలో మూడు దాటి రెండు నిమిషాలైంది. అంటే ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు, యాభై ఎనిమిదంటే రెండు ఇరవై తొమ్మిదులు, ఇరవై తొమ్మిదిని ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు, ఎటు విరిచినా విరగదు అనుకుంది చెల్లెలు, అనుకున్నాక తన మీద తనకే ఒళ్లు మండింది. అవతల అక్క ప్రాణం గాల్లో దీపంలా ఉంటే నీకు లెక్కలేమిటే సిగ్గులేనిదానా అని తిట్టుకుంది. కానీ ముప్పై నాలుగేళ్లు అచ్చాఫీసులో అంకెలు చదివిన నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా. బస్సు నంబరు కనిపిస్తే విరిచేస్తుంది, మందుల సీసా మీద నంబరు కనిపిస్తే విరిచేస్తుంది. తన వయసు అరవై ఒకటి, అది విరగదు. అక్క వయసు అరవై ఎనిమిది, నాలుగు పదిహేడులు. మంచం పక్కన ఇనప బల్ల మీద మంచినీళ్ల కూజా, దాని పక్కన గుండుసూదితో కలిపి గుచ్చిన రెండు కాగితాలు. పైది తను సంతకం పెట్టాల్సింది. మందులు ఆపడానికి, ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టం తీసెయ్యడానికి, రోగి తాలూకు మనిషిగా నాకు సమ్మతమే అని అందులో ఉంది. కిందది పరీక్ష రిపోర్టు. మెదడులో కదలిక లేదు, వస్తుందన్న ఆశా లేదు అని అందులో ఉంది. కలం మాత్రం డాక్టరు జేబులోదే, మర్యాదగా మూత తీసి మరీ పెట్టి వెళ్లాడు.

అక్క వెల్లకిలా పడుకుని ఉంది. ఇది అక్క పడుకునే తీరు కాదు. అక్క ఎప్పుడూ గోడవైపు తిరిగి, ఒక చెయ్యి తలగడ కింద దోపి, మోకాళ్లు ముడుచుకుని పడుకునేది. ఇక్కడ ఎవరో ఆమెను మడత పెట్టినట్టు తిన్నగా పడుకోబెట్టి చేతులు రెండూ దుప్పటి మీదికి తీసిపెట్టారు. ఊపిరి తనే తీసుకుంటోంది, దానికి ఎవరి సాయమూ లేదు, ముక్కు దగ్గర సన్నటి గాలి గొట్టం ఉన్నా అది పేరుకే అంది నర్సు. ఎడమ మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ. దాని మీద నంబరు, 381654729. ఆ నంబరు వైపు చెల్లెలు ఈ తొమ్మిది రోజుల్లో సరిగ్గా ఒక్కసారే చూసింది, చేర్చిన రోజున. చూడగానే గోడ పట్టుకుంది. నర్సు, ఏమ్మా కళ్లు తిరుగుతున్నాయా అని కుర్చీ వేసింది. ఏం చెబుతుంది, ఈ అంకె మాకు ముందే తెలుసు, నలభై ఏళ్ల నుంచీ తెలుసు, ఇది మా అక్కని వెతుక్కుంటూ వచ్చింది అని చెబితే, ఇంకో మంచం వేసి ఆమెనీ పడుకోబెట్టేవారు.

అది అక్కకి దొరికింది ఒక మధ్యాహ్నం, ఇలాంటి వేళప్పుడే. భాగహారాల పట్టికల పుస్తకం ఒకటి అచ్చవుతోంది, చివరి పేజీలో కాస్త ఖాళీ మిగిలితే పుస్తకం రాసిన లెక్కల మాస్టారు అక్కడ ఈ ఒక్క సంఖ్య వేసి పెట్టమన్నాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకే ఉంది, ప్రతిదీ ఒక్కసారే ఉంది. మొత్తం తొమ్మిది అంకెల్ని తొమ్మిదితో భాగిస్తే శేషం ఉండదు. చివరి అంకె కొట్టేస్తే ఎనిమిది అంకెలు మిగులుతాయి, అది ఎనిమిదితో పోతుంది. ఇంకోటి కొట్టేస్తే ఏడు అంకెలు, ఏడుతో పోతుంది. అలా కొట్టేసుకుంటూ పోతే చివరికి మూడు ఒక్కటే మిగులుతుంది, ఎక్కడా శేషం అన్నది రాదు. అక్క మాస్టారి మాట నమ్మే రకం కాదు. పాడైపోయిన ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి అన్నం తినడం కూడా మానేసి భాగించింది. ఐదో చోట ఐదే ఉండి తీరాలి చూడు, సరి చోట్ల సరి అంకెలే రావాలి చూడు అంటూ, ఆ తొమ్మిది అంకెల్నీ ఎన్ని రకాలుగా పేర్చవచ్చో కూడా కట్టింది. మూడు లక్షల అరవై రెండు వేల ఎనిమిది వందల ఎనభై రకాలు. అన్నింట్లో ఇలా నిలబడేది ఇదొక్కటే. "తల్లీ, దీన్ని చూస్తే నాకు భయమేస్తోందే" అంది అక్క, నవ్వుతూనే. "ఒక్కొక్కటీ ఊడిపోతున్నా దీనికి ఏమీ కాదు. ఏమీ కానట్టే ఉంటుంది. ఆఖరిది కూడా ఊడిపోయేదాకా ఎవరికీ తెలియదు." చెల్లెలికి అప్పుడు భయం వెయ్యలేదు, ఆకలి వేసింది, అక్క డబ్బాలోది కూడా తనే తినేసింది.

ఇప్పుడు వేస్తోంది భయం. మొదటి రోజు అక్కకి మాట పోయింది. రెండో రోజు కుడి చెయ్యి. మూడో రోజు ఎడమ చెయ్యి. నాలుగో రోజు కళ్లు తెరవడం మానేసింది, ఆ రోజే పరీక్ష చేశారు. తర్వాత గిచ్చితే మొహం చిట్లించడం పోయింది, పిలిస్తే కనురెప్ప అదరడం పోయింది, ఇలా రోజుకొకటి, చివరి నుంచి ఒక్కో అంకె కొట్టేసినట్టే పోతూ వచ్చాయి. అడిగిన ప్రతిసారీ నర్సు నిలకడగానే ఉందమ్మా అంది. నిలకడగానే ఉంటుంది మరి, ఆ సంఖ్య తీరే అంత. ఇవాళ తొమ్మిదో రోజు. ఇవాళ పోవలసింది ఆ మొదటి మూడు. అదీ పోతే ఏం మిగులుతుంది, మిగిలినదాన్ని దేనితో భాగిస్తారు, అక్కనే అడగాలి.

అంకెలు చదవడం ఒక్కళ్ల పని కాదు. ఒకళ్లు రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకళ్లు అచ్చుప్రతి మీద వేలు పెట్టి చూడాలి. అంకె సరిపోతే ఊ అనాలి. సరిపోకపోతే తప్పు అని అరవకూడదు, అరిస్తే చదివేవాళ్లు ఎక్కడున్నారో మరిచిపోతారు. ఊరుకోవాలి, అంతే. ఊ రాలేదంటే చదివేవాళ్లే ఆగి వెనక్కి వస్తారు. అది ఆ అచ్చాఫీసు పద్ధతి. ఈ అక్కాచెల్లెళ్లకి అది కొత్తగా నేర్చుకోవలసిన పని కాలేదు. అమ్మ పోయాక చెల్లెల్ని నిద్రపుచ్చింది అక్కే, అక్క కథ చెప్పేది, చెల్లెలు ఊ కొట్టేది, ఊ ఆగిపోతే నిద్రపోయిందని తెలిసి అక్క కథ ఆపేసేది. అలా ఊరుకోవడానికి ఇంట్లో ఒక అర్థం, ఆఫీసులో ఒక అర్థం. ఆఫీసులో చేరిన కొత్తలో చెల్లెలు ఈ రెండూ కలిపేసి, అక్క ఊరుకోగానే "ఏయ్, నిద్రపోతున్నావా" అంది. గదంతా నవ్వింది. అక్క మాత్రం నవ్వకుండా, వేలు తియ్యకుండా, తప్పున్న అంకె మీదే ఉండిపోయింది.

అందుకే, నాలుగు రోజుల నుంచీ మందులూ పిలుపులూ పనిచెయ్యకపోతే, చెల్లెలు అక్క చెవి దగ్గర కూర్చుని ఆ తొమ్మిది అంకెలూ చదవడం మొదలుపెట్టింది. మూడు. ఊ. ఎనిమిది. ఊ. నిజంగానే ఊ వినబడింది, లోపలెక్కడి నుంచో, నూతిలోంచి వచ్చినట్టు. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లి నర్సుకి చెప్పింది, నర్సు డాక్టరుకి చెప్పింది, డాక్టరు ఇవాళ పొద్దున వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె చదివింది. తొమ్మిది అంకెలకీ తొమ్మిది ఊలు వచ్చాయి. గెలిచినట్టు తలెత్తి చూస్తే, ఆ కుర్రడాక్టరు కళ్లు దించుకున్నాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి" అన్నాడు. "ఊ అంటున్నది మీరే." ఆమెకి కోపం వచ్చింది, సిగ్గేసింది. ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "సాయంత్రం నాలుగు దాకా మీ ఇష్టం. ఒక్కసారి ఆవిడ తనంతట తను పలికితే, ఆ కాగితం నేనే చింపేస్తాను."

మూడూ పదిహేను. చెల్లెలు కుర్చీ దగ్గరికి జరుపుకుని, కుడిచేతి రెండు వేళ్లు తన గొంతు మీద పెట్టుకుంది. పెదాలు మూసుకున్నా ఊ అనవచ్చు కదా, పెదాల్ని నమ్మడానికి లేదు, గొంతైతే అబద్ధం ఆడదు. ఎడమచేత్తో అక్క అరచెయ్యి తెరిచి, యంత్రాల హోరులో మాట వినబడనప్పుడు ఆఫీసులో చేసినట్టు, వేలితో దరువు వేసింది. మూడు దరువులు. ఊ. గొంతు వేళ్ల కింద వణికింది. ఎనిమిది దరువులు. ఊ. వణికింది. డాక్టరు చెప్పింది నిజమే, దొంగ ఇంట్లోనే ఉంది, ఇన్ని రోజులూ తన ఊ తనే విని మురిసిపోయింది. నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది, కాసేపు దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తర్వాత మొహం తుడుచుకుని, గొంతుని బిగబట్టి, రాయి చేసి, మళ్లీ మొదటి నుంచి వేసింది. మూడు. ఏమీ లేదు. ఎనిమిది. ఏమీ లేదు. ఒకటి, ఆరు, ఐదు. కిటికీ అవతల ఎదుటి భవనం గోడ, గోడకి నీటి గొట్టాలు. నాలుగు, ఏడు, రెండు, తొమ్మిది. ఏమీ లేదు. చివరి తొమ్మిది కొట్టేసి ఎనిమిది అంకెలు వేసింది, రెండు కూడా కొట్టేసి ఏడు వేసింది, అలా మెట్లు దిగుతూ దిగుతూ ఒంటరి మూడు దగ్గరికి వచ్చింది. గదిలో యంత్రం టిక్కుమంటున్న చప్పుడు తప్ప మరేం లేదు. మూడూ నలభై. ఊ ఆగిపోతే నిద్రపోయినట్టే కదా, కథ ఆపెయ్యాలి కదా. ఆమె బల్ల మీది కలం అందుకుంది.

అందుకుని, ఆగింది. అది ఇంటి అర్థం. ఆఫీసు అర్థం ఇంకోటి ఉందిగా. ఊ రాలేదంటే నువ్వు చదివేది తప్పు. కానీ తను చదివినదాంట్లో తప్పేముంది, ఈ సంఖ్య నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, వెనక నుంచి కూడా చెబుతుంది, కంఠతా వచ్చు. కంఠతా. ఆ మాట దగ్గర ఆమె కలం కింద పెట్టేసింది. ఘనాల పట్టిక చూస్తున్న రోజు గుర్తొచ్చింది. పదిహేడు ఘనం నాలుగు వేల తొమ్మిది వందల పదమూడు, చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు, అక్క చదవగానే తను అచ్చు వైపు చూసీ చూడకుండానే ఊ కొట్టేసింది. అచ్చులో తొమ్మిది వందల ముప్పై ఒకటి ఉంది. అంకెలు అవే, చోట్లు మారాయి. పుస్తకాలు ఊళ్లన్నీ తిరిగాక బయటపడింది. మేనేజరు గదిలో అక్క ముందుకి వచ్చి, ఆ పేజీకి ఊ కొట్టింది నేనండీ అంది, అంతే తేలిగ్గా, మంచినీళ్లు ఇమ్మన్నట్టు. రావలసిన పెద్ద కుర్చీ అక్కకి మరి రాలేదు. ఇంటికొచ్చాక కూడా చెల్లెల్ని పల్లెత్తు మాట అనలేదు, జడ అల్లుతూ మాత్రం ఒకటి చెప్పింది. "నోటికి వచ్చిన అంకెని కన్ను చూడదే, వెర్రిమొహమా. బాగా తెలిసిందాన్నే వేలు పెట్టి చూడాలి." ఆ మాటకి ఇప్పటికీ ఆమెకి కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఈ తొమ్మిది రోజుల్లో తను ఏ కాగితాన్ని వేలు పెట్టి చూసింది గనక? పట్టీ మీద నంబరు మొదటి రోజు చూసింది, అంతే, తర్వాత అంతా నోటితోనే. ఆమె లేచి, దుప్పటి జరిపి, అక్క మణికట్టు తిప్పి, పట్టీ మీద బొటనవేలి గోరు పెట్టి ఒక్కొక్క అంకే జరిపింది. మూడు ఎనిమిది ఒకటి, ఆరు ఐదు నాలుగు, ఏడు రెండు తొమ్మిది. సరే. సంతకం కాగితం మీద నంబరు డాక్టరు చేతిరాతలో ఉంది, దాన్నీ గోటితో జరిపింది. సరిపోయింది. దాన్ని పైకి ఎత్తి, కింది రిపోర్టు పైమూల, అచ్చులో ఉన్న చిన్న నంబరు మీద గోరు పెట్టింది. డాక్టరు ఆ రోజే దీన్ని తన చేతికిచ్చాడు, ఈ నంబరు తను చూసింది కూడా, అవును మా అంకే అనుకుని తల ఊపింది కూడా. మూడు ఎనిమిది ఒకటి. ఆరు ఐదు నాలుగు. ఏడు. తొమ్మిది.

గోరు అక్కడే ఉండిపోయింది. ఏడు, తొమ్మిది, రెండు. 381654792. ఎనిమిదో చోట రెండు ఉండాలి, తొమ్మిది ఉంది. మళ్లీ చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అంకెలన్నీ అవే, కూడితే అదే నలభై ఐదు, తొమ్మిదితో చక్కగా పోతుంది కూడా, పై నుంచి చూసేవాళ్లకి ఏ లోటూ కనిపించదు. కానీ చివరి రెండుని కొట్టేసి ఎనిమిది అంకెల్ని ఎనిమిదితో భాగించు, నాలుగు వందల డెబ్బై తొమ్మిది దగ్గర ఏడు మిగిలిపోతుంది. ఆ మెట్టు విరిగిపోయింది. అది అక్క సంఖ్య కాదు. ఈ రిపోర్టు అక్కది కాదు. అంతసేపూ అక్క ఊరుకున్నది అందుకేనా అన్న ఆలోచన వచ్చింది. ఇటు తిరిగి చూస్తే అక్క మొహం అలాగే ఉంది, పెదాలు కొంచెం తెరుచుకుని, ఎవరో చదువుతుంటే వింటున్నప్పుడు ఉండేలా.

పరుగెత్తాలి, నర్సుని పిలవాలి. కానీ నోరు ముందు లెక్క కట్టింది. చివర్న మారినవి రెండే అంకెలు, తొంభై రెండులోంచి ఇరవై తొమ్మిది పోతే అరవై మూడు. ఈ నంబర్లు వచ్చిన వరసలోనే పడతాయని కదా కౌంటరు దగ్గర చెప్పారు. అక్క వచ్చిన రోజే, అక్క వెనక అరవై మూడో మనిషి. నిన్న మంచినీళ్ల కుళాయి దగ్గర ఒకావిడ తగిలింది, జడ ఊడిపోయి, కళ్లు వాచిపోయి, అయినా మొహమంతా నవ్వుతో. "మీరూ మేమొచ్చిన రోజే వచ్చారుగా. మా ఆయన రిపోర్టు మంచిదొచ్చిందండీ, మెదడు పనిచేస్తోందట" అంటూ తెలియని మనిషినని చూడకుండా చేతులు పట్టుకుని ఊపేసింది. ఆ మంచి రిపోర్టు ఎవరిది? చెల్లెలి చేతుల్లో ఆ చేతుల తడి ఇంకా ఉన్నట్టే అనిపించింది. తను ఇప్పుడు నోరు తెరిస్తే ఆ నవ్వు పోతుంది. తెరవకపోతే నాలుగింటికి అక్క పోతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది, ఏమీ లేదు, అయినా ఆమె నాలుగు నిమిషాలు గడియారం వైపు చూస్తూ అలాగే నిలబడింది, ఆ నాలుగు నిమిషాలకీ తనని తను ఎప్పటికీ క్షమించుకోదు, ఆవిడ వైపు నుంచీ, అక్క వైపు నుంచీ కూడా.

తలుపు చప్పుడైంది. డాక్టరు సరిగ్గా నాలుగింటికే వచ్చాడు. బల్ల మీద కలం చూశాడు, సంతకం లేని కాగితం చూశాడు, ఆమె మొహం చూశాడు. "ఏమన్నా పలికారా అమ్మా?" అన్నాడు మెల్లగా. ఆమె తల అడ్డంగా ఊపింది. రిపోర్టు తీసి ఆయన చేతిలో పెట్టింది. "బాబూ, పైన ఉన్న నంబరు ఒక్కొక్క అంకే చదువు. కాగితం చూసి చదువు. నేనిక్కడ చూస్తాను." ఆయనకి జాలి వేసినట్టుంది, సరేనమ్మా అన్నాడు. ఆమె అక్క మణికట్టు తన వైపు తిప్పుకుని పట్టీ మీద వేలు పెట్టింది.

"మూడు" అన్నాడు డాక్టరు. ఊ అనాలనుకుంది, నాలుక పిడచగట్టుకుపోయింది. కానీ ఊ వినబడింది. అలవాటు, అనుకుంది. "ఎనిమిది." ఊ. "ఒకటి." ఊ. "ఆరు." ఊ. డాక్టరు తల ఎత్తకుండా, ఈ ముసలమ్మ ముచ్చట తీరుద్దామన్నట్టు నిదానంగా చదువుతున్నాడు. "ఐదు." ఊ. ఆమె రెండో చెయ్యి దానంతట అది లేచి, రెండు వేళ్లు గొంతు మీదికి వచ్చాయి. "నాలుగు." ఊ. వేళ్ల కింద ఏమీ కదల్లేదు. "ఏడు." ఊ. వేళ్ల కింద గొంతు రాయిలా ఉంది.

"తొమ్మిది" అన్నాడు డాక్టరు.

ఊ రాలేదు. యంత్రం టిక్కుమంది. డాక్టరు ఒక్క క్షణం ఆగి, మళ్లీ "తొమ్మిది" అన్నాడు. రాలేదు. అప్పుడాయన తల ఎత్తాడు. ముందు ఆమె పెదాల వైపు చూశాడు, గొంతు మీద ఉన్న వేళ్ల వైపు చూశాడు, తర్వాత మంచం వైపు తిరిగాడు.

"రెండు" అంది చెల్లెలు. ఆ ఒక్క మాటకి గొంతు వేళ్ల కింద కదిలి, ఆగిపోయింది.

పూర్తిగా ఆగిపోయాక, "ఊ."